మూడో రోజు వినబడే మాట

కాన్పయిన మూడో రోజు సాయంత్రం. బరంపురంలోనో, రాయగడలోనో, పర్లాకిమిడిలోనో ఒక ప్రసూతి వార్డు. పగలంతా మత్తుగా పడుకున్న బిడ్డ చీకటి పడేసరికి ఏడుపు అందుకుంటుంది. చన్ను అందిస్తే రెండు గుక్కలు తాగి వదిలేసి మళ్లీ ఏడుస్తుంది. చూడటానికి వచ్చిన పెద్దావిడ బాలింత మొహంలోకి చూసి, "పాలు పడినట్టు లేవమ్మా" అంటుంది. అందులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. అయినా ఆ రాత్రికే ఎవరో ఒకరు మందుల షాపుకి వెళ్లి డబ్బా తెస్తారు. ఆ పాలు తాగి బిడ్డ నాలుగు గంటలు నిద్రపోతుంది. "చూశారా, ఆకలికే ఏడ్చింది" అని అందరూ తేల్చేస్తారు.

ఆ నాలుగు గంటలూ తల్లి రొమ్ము మాత్రం ఖాళీ కాలేదు. నిజంగా పాలు తగ్గడం అక్కడే మొదలవుతుంది. లేని కొరతను ఉందని అనుకుని చేసిన సాయం, నాలుగు రోజుల్లో దాన్ని నిజం చేసి పెడుతుంది.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో తల్లిపాల మీద గౌరవానికి లోటేమీ లేదు. తల్లిపాలు మంచివని చెబితే కాదనేవాళ్లు కనబడరు. లోటల్లా ఆ మూడో రోజు సాయంత్రం పక్కన ఉండి, బిడ్డ నోటి పట్టు చూసి, పాలు నిజంగా పడ్డాయో లేదో లెక్క చూసి చెప్పే మనిషికే. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఆ మనిషి దొరక్కపోవడానికి భాష ఒక కారణం, పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఉన్న రాష్ట్రం గీత మరో కారణం. వాటి సంగతి చూసే ముందు శరీరం ఏం చేస్తుందో చూడాలి.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. పసుపుపచ్చగా, చిక్కగా, చాలా కొద్దిగా ఉంటాయి. మొదటి రోజు బిడ్డ ఒక్కో విడతకి తాగేది సుమారు ఒక టీస్పూను. ఆ రోజుకి బిడ్డకి కావాల్సిందీ అంతే. అందులో రోగనిరోధక పదార్థాలు, ఎ విటమిన్ దండిగా ఉంటాయి. పేగుల్లోని నల్లటి మలం త్వరగా బయటికి పోవడానికీ అవి పనికొస్తాయి. గేదె ఈనితే ముర్రుపాలతో జున్ను వండి ఇరుగుపొరుగుకి పంచిపెట్టే మనమే, మనిషి ముర్రుపాలు వచ్చేసరికి "చెడ్డ పాలు, పిండి పారబొయ్యి" అనడం వింతే. ఈ అలవాటు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పాలు పారబోయకపోయినా, "అసలు పాలు పడేవరకూ" తేనె నాకించడం, పంచదార నీళ్లు పట్టడం, ఒక చుక్క ఆముదం వేయడం కొన్ని ఇళ్లలో ఇంకా సాగుతూనే ఉంది. తేనె అయితే ఏడాది నిండేవరకూ ఇవ్వకూడదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసికందుల నరాలను, కండరాలను దెబ్బతీసే విషాన్ని తయారుచేస్తుంది.

అసలు పాలు చాలామందికి రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య పడతాయి. సిజేరియన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. ఈలోగా బిడ్డ బరువు తగ్గుతుంది. పుట్టిన బరువులో ఏడు శాతం వరకు తగ్గడం మామూలే. పది శాతం దాటితే మాత్రం డాక్టరు చూడాలి. పోయిన బరువు పది పద్నాలుగు రోజుల్లో తిరిగి రావాలి. మూడో రోజు ఏడుపును పాలు లేవనడానికి సాక్ష్యంగా తీసుకునేవాళ్లకి ఈ కాలపట్టిక తెలిస్తే సగం డబ్బాలు షాపుల్లోనే ఉండిపోతాయి.

పాలు తయారవడం వేరు, బయటికి రావడం వేరు. పాడి ఉన్న ఇళ్లలో ఇది ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. దూడను విడిస్తేనే ఆవు చేపుతుంది. బెదిరిన ఆవు చేపదు. పొదుగులో పాలున్నా చుక్క రాదు. మనిషిలోనూ అంతే. బిడ్డ చీకినప్పుడు మెదడు నుంచి రెండు హార్మోన్లు వస్తాయి. ప్రొలాక్టిన్ పాలు తయారుచేస్తుంది. ఆక్సిటోసిన్ ఆ పాలను చేపుకు తెస్తుంది. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఊరుతుంది, అందుకే బాలింతకి విశ్రాంతి ఇద్దామని రాత్రి పాలివ్వడం మాన్పిస్తే పాలు పెరగాల్సిన సమయమే పోతుంది. ఆక్సిటోసిన్ నొప్పికి, భయానికి, టెన్షన్‌కి కాసేపు వెనక్కి తగ్గుతుంది. చుట్టూ ఐదుగురు నిలబడి "వస్తున్నాయా, వస్తున్నాయా" అని అడుగుతుంటే ఏ తల్లికి చేపు వస్తుంది?

మూడో సంగతి కూడా ఉంది. రొమ్ములో పాలు నిలిచిపోతే తయారీని ఆపేసే ఏర్పాటు రొమ్ములోనే ఉంది. ఖాళీ అయిన కొద్దీ ఊరుతుంది, నిలవ ఉన్న కొద్దీ తగ్గుతుంది. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పట్టించమనేది అందుకే. డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ నాలుగు గంటలు నిద్రపోయిందంటే, రెండు విడతల పాలకి "వద్దు" అని రొమ్ముకి కబురు పంపినట్టే.

మరి పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలియాలి? ఏడుపును బట్టి తెలియదు. రొమ్ము మెత్తబడడాన్ని బట్టీ తెలియదు. ఆరు వారాల తర్వాత రొమ్ము మెత్తగానే ఉంటుంది, పాలు ఊరడం బిడ్డ తాగడానికి సరిపడా కుదురుకుందని దానర్థం. పిండితే ఎన్ని వచ్చాయన్నది కూడా గుర్తు కాదు, బిడ్డ తాగినంత బాగా చెయ్యి పిండలేదు. నమ్మదగ్గవి రెండే. ఒకటి ఉచ్చ: ఐదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ, లేత రంగులో పోస్తుంటే లోపలికి సరిపడా వెళుతున్నట్టే. రెండోది బరువు: మొదటి రెండు మూడు నెలలు రోజుకి ఇరవై నుంచి ముప్పై గ్రాములు, అంటే నెలకి అర కిలోకి తగ్గకుండా పెరగాలి. సరిగ్గా మూడు వారాలప్పుడు, ఆరు వారాలప్పుడు కొంతమంది పిల్లలు ఒక్కసారిగా గంటగంటకీ పాలడుగుతారు. సాయంత్రాలైతే వదలనే వదలరు. ఆ రెండు రోజులు ఓపిక పడితే పాలు పెరుగుతాయి. డబ్బా ఇళ్లలోకి రెండోసారి ప్రవేశించేది కూడా ఆ రోజుల్లోనే.

నోటి పట్టు

పాలివ్వడంలో వచ్చే కష్టాల్లో చాలావాటికి మొదలు ఒకటే, బిడ్డ నోరు రొమ్మును పట్టుకున్న తీరు. చనుమొన పగలడం, పాలు గడ్డకట్టడం, బిడ్డ గంటసేపు చీకినా ఆకలిగానే ఉండడం, బరువు పెరగకపోవడం, చివరికి "పాలు లేవు" అనడం, ఇవన్నీ చాలాసార్లు ఒకే తీగకి కాసిన కాయలు.

బిడ్డ చనుమొనను మాత్రమే పట్టుకుంటే పాలు రావు, తల్లికి నొప్పి వస్తుంది. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకి ఆని ఉండాలి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి. మెడ పక్కకి తిప్పుకుని గుటక వేయడం మనకైనా కష్టమే. ముక్కు చనుమొనకి ఎదురుగా ఉంచి, పై పెదవికి చనుమొన తాకిస్తే ఆవులించినంత నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో బిడ్డను రొమ్ము మీదకి తేవాలి. చాలామంది చేసేది ఇందుకు తలకిందులు: తల్లి వంగి రొమ్మును బిడ్డ నోట్లో కుక్కుతుంది, రెండు రోజులకి నడుము నొప్పి మొదలవుతుంది. పట్టు సరిగ్గా కుదిరితే బిడ్డ గడ్డం రొమ్ముకి ఆనుతుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, నల్లటి భాగం పైన ఎక్కువగా, కింద తక్కువగా కనబడుతుంది. బుగ్గలు లోపలికి గుంటలు పడవు. మొదట గబగబా చీకి, తర్వాత నిదానించి, గుటక వినబడుతుంది. మొదటి కొన్ని క్షణాలు చురుక్కుమనవచ్చు గానీ ఆ తర్వాత కూడా నొప్పి ఉంటే పట్టు తప్పినట్టే. చిటికెన వేలు పెదవి మూల నుంచి లోపలికి పోనిచ్చి వదిలించి, మళ్లీ పట్టించాలి. లాగితే పగులుతుంది.

పాత అలవాటు ఒకటి ఇక్కడ అడ్డం వస్తుంది. రెండు వేళ్ల మధ్య కత్తెరలా చనుమొనను పట్టుకుని అందించమని పెద్దవాళ్లు నేర్పుతారు. అలా పట్టుకుంటే వేళ్లు నల్లటి భాగాన్ని నోట్లోకి పోనివ్వవు, పాలనాళాలను కూడా నొక్కుతాయి. బొటనవేలు పైన, మిగతా నాలుగూ కింద, చనుమొనకి దూరంగా ఉంచితే సరిపోతుంది.

పగిలిన చనుమొనకి ఖరీదైన పూతమందులేవీ అక్కర్లేదు. పాలిచ్చిన తర్వాత చివరి చుక్కలు దాని మీదే రాసి గాలికి ఆరనిస్తే చాలు. ప్రతిసారీ సబ్బుతో కడగడం చెరుపే చేస్తుంది. ఎన్ని పూసినా పట్టు సరిచేయకపోతే మర్నాటికి మళ్లీ పగులుతుంది. చనుమొన లోపలికి ఉన్నవాళ్లకి ఒక చవకైన ఉపాయం ఉంది. పది లేదా ఇరవై మిల్లీలీటర్ల కొత్త సిరంజి తీసుకుని, సూది బిగించే కొసను కోసేసి, పిడిని ఆ కోసిన వైపు నుంచి ఎక్కించాలి. నున్నగా ఉన్న రెండో వైపును రొమ్ముకి ఆనించి నెమ్మదిగా లాగితే చనుమొన బయటికి వస్తుంది. పాలివ్వబోయే ముందు అర నిమిషం నుంచి నిమిషం చాలు. ఒకసారి నర్సు చేత చేయించుకుని చూస్తే మంచిది, ఎక్కువ లాగితే పుండవుతుంది.

పాలు పడిన నాలుగో రోజు, ఐదో రోజు రొమ్ములు రాయిలా బిగుసుకుంటాయి. బిగిసిన రొమ్ము బిడ్డ నోటికి అందదు, అందక ఇంకా బిగుస్తుంది. ముందు గోరువెచ్చటి గుడ్డ వేసి, నల్లటి భాగం మెత్తబడేవరకూ కొద్దిగా చేత్తో పిండి, అప్పుడు పట్టించాలి. తాగిన తర్వాత చల్లటి గుడ్డ వేస్తే వాపు తగ్గుతుంది. కొందరు మల్లెపూలు కడతారు. అది తెలుగు నేల మీద పాలు తగ్గించడానికి వాడే పద్ధతి, పాలు కావాల్సిన తల్లికి కట్టే పని కాదు.

బిగువు తగ్గక ఒక చోట ఎర్రగా కమిలి, వణుకుతో జ్వరం వచ్చిందంటే అది రొమ్ము వాపు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. "జ్వరం పాలు బిడ్డకి పడవు" అని ఆ వైపు పట్టించడం మానేస్తారు. నిలిచిన పాలే ఆ జబ్బుకి బలం. పట్టిస్తూనే ఉండాలి, డాక్టరుకి చూపించాలి. ఇచ్చే యాంటీబయాటిక్ పాలిచ్చే తల్లికి సరిపడేదే ఇస్తారు. పారాసిటమాల్ వేసుకున్నా బిడ్డకి భయం లేదు. ఆలస్యం చేస్తే లోపల చీముగడ్డ కట్టి, సూదితోనో కోతతోనో తీయాల్సి వస్తుంది. అప్పుడు కూడా రెండో వైపు పాలు ఆపనక్కర్లేదు.

ఏ భాషలో అడుగుతున్నారు

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాంలో చాలా భాగం, కోరాపుట్ ప్రాంతం అటు వెళ్లాయి. వాటితో పాటు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురంలోని తెలుగు ఇళ్లూ వెళ్లాయి. గోపాలపూర్ తీరంలోని మత్స్యకారుల పల్లెల్లో ఈనాటికీ ఇంట్లో మాట తెలుగే. బజారులో, ఆఫీసులో ఒడియా మాట్లాడటం వీళ్లకి కొత్త కాదు. అయితే శ్రీకాకుళం నుంచి ఏడాది కిందట కోడలిగా వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయి సంగతి వేరు. ఆమె చేతికిచ్చే తల్లీబిడ్డల కార్డు ఒడియాలో ఉంటుంది. ఇంటికొచ్చిన ఆశా దీదీ "ఖీర పిఉచి కి?" అని అడుగుతుంది. ఖీర అంటే ఒడియాలో పాలు. మనకి ఖీర్ అంటే పాయసం గుర్తొస్తుంది. పక్కనున్న అత్తగారు "హ" అని బదులిస్తుంది. ప్రశ్న ముగిసింది.

వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు చాలా ఏళ్లు మాస్టారుగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన మనిషి. ఆ ఊళ్లోనే బాలింతకి అర్థంకాని భాషలో ఆరోగ్యం మాటలు చెప్పాల్సి రావడం ఇబ్బందిగానే ఉంటుంది. అయితే నెపమంతా భాష మీదకే తోసేస్తే కూడా తప్పే. అదే ప్రశ్న చక్కటి తెలుగులో "పాలు తాగుతోందా?" అని అడిగినా జవాబు "ఆ" అనే వస్తుంది. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నతో నోటి పట్టు బయటపడదు. "ఒకసారి పట్టించు, చూస్తాను" అని పక్కన పావుగంట కూర్చుంటే తెలుగు రాని దీదీకి కూడా అన్నీ కనబడతాయి. గడ్డం ఆనిందా, పెదవి తిరిగిందా, గుటక పడుతోందా అన్నదానికి భాష అక్కర్లేదు. భాష కావాల్సింది రెండో సగానికి. ఇంట్లో ఎవరు ఏమంటున్నారు, రాత్రిళ్లు నిద్ర ఉందా, ఊరికే ఏడుపొస్తోందా అన్నవి ఆ అమ్మాయి తన భాషలో తప్ప చెప్పలేదు. కాన్పు తర్వాత వారం పది రోజులు కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే దానికి వైద్యం కావాలి. మానసిక ఇబ్బందులకి ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్, ఉచిత నంబరు 14416. అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

ఆశా కార్యకర్త ఇంటికి రావడానికి ఒక పట్టిక ఉంది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో రావాలి. సంచిలో బిడ్డను తూచే త్రాసు ఉంటుంది. కాగితం మీద చూస్తే మూడో రోజు మాటకి, మూడు వారాల ఏడుపుకి, ఆరు వారాల ఏడుపుకి సరిగ్గా సరిపోయేలా ఈ తేదీలు కుదిరాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఆ తేదీల్లో బాలింత ఆ ఊళ్లో ఉండదు.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. బరంపురం కోడలు ఏడో నెలలో శ్రీమంతం చేయించుకుని పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం వెళుతుంది. పర్లాకిమిడి కోడలికి పక్కనే ఉన్న పాతపట్నం పుట్టిల్లు. గర్భిణిగా పేరు ఒడిశా రిజిస్టరులో ఉంటుంది, కాన్పు ఆంధ్రలో అవుతుంది, బిడ్డతో తిరిగి వచ్చేది మూడో నెలలోనో ఐదో నెలలోనో. ఇక్కడి ఆశా "ఆమె ఊళ్లో లేదు" అని రాసుకుంటుంది. అక్కడి ఆశా "మా లెక్కలో లేదు" అనుకుంటుంది. ఆరు సందర్శనల్లో ఒక్కటైనా జరిగిందా అన్నది వాళ్ల మంచితనం మీద ఆధారపడుతుంది. ఎదురు దారిలో కూడా ఇంతే: విశాఖలో కాపురం ఉన్న జయపురం ఆడపడుచు కాన్పుకి ఘాట్ ఎక్కి పుట్టింటికి వస్తే, ఆమె చేతిలో తెలుగు కార్డు ఉంటుంది, ఎదురుగా ఒడియా రిజిస్టరు ఉంటుంది.

పైగా లెక్కల మీద ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది. ఒడిశాలో 2011లో మొదలైన మమత పథకంలో గర్భిణులకి, బాలింతలకి మొదట 5,000 రూపాయలు విడతలుగా ఇచ్చేవారు. షరతుల్లో ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వడం కూడా ఉంది. ఉద్దేశం మంచిదే. ఇలా డబ్బు ముడిపడ్డాక "ఆరు నెలలూ నీ పాలే ఇచ్చావా?" అని అడిగితే "లేదు, రెండో నెల నుంచి డబ్బా పాలు పడుతున్నాను, ఏం చేయను?" అని ఏ తల్లీ చెప్పదు. కష్టం చెప్పుకోవాల్సిన చోటే దాన్ని దాచుకోవాల్సి వస్తుంది.

దేశం మొత్తం మీద చూసినా ఇలాంటి ఖాళీ ఒకటి స్పష్టంగా కనబడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 88.6 శాతం ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న పిల్లలు 41.8 శాతమే. ఒడిశా ఈ విషయంలో దేశ సగటు కన్నా మెరుగు. గంటలోపు బిడ్డను తల్లి ఛాతీ మీద వేయడానికి యంత్రాలు అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు. సిజేరియన్ అయినా వెన్నుకి మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కన ఒకరు బిడ్డను పట్టుకుంటే చాలు. కుట్ల మీద బరువు పడకుండా పక్కకి తిరిగి పడుకునో, బిడ్డను చంక కింద నుంచి పట్టుకునో ఇవ్వవచ్చు.

పథ్యం, డబ్బా, బుట్ట

బాలింత తిండి విషయంలో మన ఇళ్లలో వివేకమూ ఉంది, కాఠిన్యమూ ఉంది. తెలగపిండి, మునగాకు కలిపిన కూర, వెల్లుల్లి కారం, పచ్చి బొప్పాయి కూర, సముద్రతీరంలో అయితే పాలసొర పులుసు, ఇవన్నీ పాలు పడతాయని పెట్టేవి. వీటివల్లే పాలు ఊరతాయని గట్టిగా చెప్పలేం గానీ, మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం ఉన్న మంచి తిండి అనడంలో సందేహం లేదు. పెట్టడం మానకూడదు. మానాల్సింది రెండో వైపు ఉన్న పథ్యం: పదకొండో రోజు దాకా కారప్పొడి అన్నమే పెట్టడం, పప్పు వాతం అనడం, నీళ్లు తాగితే పొట్ట వస్తుందని గొంతు తడుపుకోవడానికి మాత్రమే ఇవ్వడం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి సుమారు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. అంటే ఇంట్లో అందరికన్నా ఒక పూట భోజనం ఎక్కువ తినాల్సిన మనిషికి మనం తక్కువ పెడుతున్నాం. ఒక మాట మాత్రం నిజం, తిండి తగ్గితే ముందు చిక్కిపోయేది తల్లి, పాలు కాదు. కడుపు కట్టుకున్న తల్లి కూడా పాలిస్తుంది, తన ఒంట్లోంచి తీసి ఇస్తుంది.

బిడ్డకి నీళ్లు పట్టే విషయం కూడా ఇక్కడే. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. బరంపురం మే నెల ఎండలో కూడా ఆరు నెలల్లోపు బిడ్డకి విడిగా నీళ్లు అవసరం లేదు. రెండు చెంచాల నీళ్లు కడుపులో చేరితే ఆ మేరకి పాలు తగ్గుతాయి, విరేచనాల భయం పెరుగుతుంది. గ్రైప్ వాటర్, అరగదీసిన వస కూడా అంతే.

డబ్బా పాల మీద మన దేశంలో 1992 నుంచీ చట్టం ఉంది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి, ఆహారానికి, పాలసీసాలకి ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచిత శాంపిళ్లు పంచకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మ వేయకూడదు, వైద్య సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు. అమ్మడం నేరం కాదు. కాబట్టి కంపెనీ ప్రకటన చేయాల్సిన పని లేకుండానే మూడో రోజు చుట్టాల మాట ఆ పని చేసి పెడుతోంది. డబ్బా ఇంట్లోకి వచ్చాక రెండో ఇబ్బంది డబ్బు. నెలంతా రావాలని నాలుగు చెంచాలు వేయాల్సిన చోట రెండు వేస్తారు. బిడ్డ కడుపు నిండుతుంది, బరువు పెరగదు.

అయినా డబ్బా పాలు పట్టిన తల్లిని దోషిలా చూడటం అన్యాయం. నిజంగా పాలు చాలని తల్లులు ఉంటారు, తక్కువమందే అయినా ఉంటారు. కాన్పులో రక్తం విపరీతంగా పోయినవాళ్లు, మాయ ముక్క లోపల మిగిలిపోయినవాళ్లు, థైరాయిడ్ జబ్బు అదుపులో లేనివాళ్లు, రొమ్ముకి ఆపరేషన్ అయినవాళ్లు, పుట్టుకతోనే పాలగ్రంథులు తక్కువగా ఉన్నవాళ్లు. వాళ్లకి డాక్టరు చెప్పిన మేరకి పై పాలు ఇవ్వడమే సరైన పని. బిడ్డ లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, రోజంతా ఉచ్చ పోయకపోయినా, పుట్టిన మొదటి రోజే పసుపు రంగు తిరిగినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా పాల సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి వెళ్లాలి. తెలుగు ఇళ్లలో పచ్చకామెర్లకి పొద్దుటి ఎండలో పడుకోబెట్టడం మామూలు. అది చికిత్స కాదు, ఎండలో పెట్టి ఎదురుచూస్తే విలువైన రోజు పోతుంది.

పనికి వెళ్లే తల్లి విషయం వేరుగా చూడాలి. 2017లో ప్రసూతి సెలవుల చట్టం సవరించాక ఉద్యోగినులకి 26 వారాల సెలవు దక్కింది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని గోపాలపూర్ నుంచి బరంపురం బజారుకి వెళ్లే ఆమెకి ఎవరు సెలవిస్తారు? పురుడు తీరిన నెలా రెండు నెలలకే ఆమె మళ్లీ బుట్ట ఎత్తుతుంది. గంజాం మగవాళ్లలో చాలామంది సూరత్ మగ్గాల మీద ఉంటారు కాబట్టి ఇంట్లో బిడ్డను చూసేది అత్తగారే. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమనే సలహా ఇక్కడ నిలబడాలంటే పిండి దాచిన పాలు తప్ప దారి లేదు.

అది కష్టమైన పని కాదు, అలవాటు లేని పని. చేతులు సబ్బుతో కడుక్కుని, మరగబెట్టిన మూతగిన్నె తీసుకుని, బొటనవేలు, చూపుడువేలు నల్లటి భాగానికి అవతల ఉంచి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి. చనుమొనను పిండితే నొప్పే మిగులుతుంది. మొదటి రెండు రోజులు చుక్కలే వస్తాయి, వారానికి గిన్నె అడుగు నిండుతుంది. మన వేడిలో ఆ పాలు నాలుగు గంటలు బయట ఉంటాయి, ఫ్రిజ్‌లో అయితే ఒక రోజు. పొయ్యి మీద కాచకూడదు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబెట్టాలి. పట్టడానికి సీసా వద్దు. సీసా పీకకి అలవాటైన నోరు రొమ్ము పట్టు మరిచిపోవచ్చు, సీసా శుభ్రం చేయడమూ కష్టమే. ఇక్కడ పెద్దవాళ్ల దగ్గర వైద్యులూ మెచ్చే వస్తువు ఒకటి ఉంది, ఉగ్గుగిన్నె. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నె కొసను కింది పెదవికి ఆనిస్తే బిడ్డే నాలుకతో అందుకుంటుంది. నోట్లో పోస్తే పొలమారుతుంది. కోడలికి రొమ్ము అందించడం తప్పుగా నేర్పినదీ, ఉగ్గుగిన్నె పట్టడం సరిగ్గా తెలిసినదీ ఒకే అత్తగారు. నెలలు నిండకుండా పుట్టి చీకలేని పిల్లలకి ఆసుపత్రుల్లో పిండిన పాలు పట్టేది కూడా ఇలాంటి కొస ఉన్న గిన్నెతోనే.

మధ్యాహ్నం బుట్ట దింపి ఇంటికొచ్చేసరికి ఆ తల్లి రొమ్ములు బరువెక్కి కారుతుంటాయి. ఎండన పడి వచ్చిన పాలు వేడి చేస్తాయని, స్నానం చేసి, ముందు నాలుగు ధారలు నేలపాలు చేసి గానీ బిడ్డను తాకనివ్వని ఇళ్లు ఉన్నాయి. ఎండకి రొమ్ములో పాలు చెడవు. చేతులు, ఛాతీ కడుక్కుని, ఒక చెంబు మంచినీళ్లు తాగి, నీడలో కూర్చుని ఆమె వెంటనే బిడ్డను అందుకోవచ్చు.